ఎక్స్‌రేలో పడని తుమ్మముల్లు

నర్సుగా పనిచేసినన్నాళ్ళూ నాకు ఎక్స్‌రే అంటే మహా గౌరవం. మనిషి అబద్ధమాడినా ఆ నల్లటి ఫిల్మ్ ఆడదని నమ్మేదాన్ని. ఒక తుమ్మముల్లు వచ్చి ఆ నమ్మకాన్ని చెడగొట్టి పోయింది. ఇప్పుడు గల్ఫ్‌కి బయల్దేరే మా వైపు అమ్మాయిలు ఫోన్ చేసి, "ఆంటీ, అక్కడ డ్యూటీ ఎలా ఉంటుంది, ఏమైనా జాగ్రత్తలు చెప్పండి" అంటుంటారు. జాగ్రత్తలు చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. నేను మాత్రం ఈ ముల్లు సంగతి చెబుతాను. అంతా విన్నాక, ఇందులో మేం నేర్చుకోవాల్సిందేముందని వాళ్ళు అడుగుతారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను సౌదీలో ఒక చిన్న ఊరి సర్కారు ఆసుపత్రిలో ఉండేదాన్ని. రియాద్‌లో బస్సెక్కి పడమరగా పోతే సగం రోజు ప్రయాణం. రోడ్డు పొడుగునా గులకరాళ్ళ నేల, అక్కడక్కడా ఎండిపోయిన వాగులు. ఆ వాగుల్లో మాత్రం గొడుగు తెరిచి నిలబెట్టినట్టు తుమ్మచెట్లు కనిపించేవి. అక్కడివాళ్ళు వాటిని తల్హ్ అంటారు. నరసాపురం వైపు కాలవగట్ల మీద పెరిగినదాన్ని కదా, పచ్చగా ఏది కనిపించినా బస్సు కిటికీ నుంచి తల తిప్పి చూసేదాన్ని.

నా డ్యూటీ మగవాళ్ళ సర్జికల్ వార్డులో. మా హెడ్ నర్సు ఫిలిప్పీన్స్ ఆవిడ. పని రాక్షసి. ఆవిడ చట్టం ఒకటే: రోగి మంచం దగ్గర అరబ్బీ మాట్లాడాలి, లేకపోతే ఇంగ్లీషు. సొంత భాషలు హాస్టల్లో చూసుకోవాలి. మలయాళీ పిల్లలు ఇద్దరు ఒకచోట చేరితే ఆవిడకి గుండెదడ. నాతో ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆసుపత్రి మొత్తానికి తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. మాట్లాడుకోడానికి మనిషి లేక నోరుమూసుకుంటే ఆవిడ దాన్ని క్రమశిక్షణ అనుకుంది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక కఫీల్ తన మేకల కాపరిని పికప్ బండిలో తీసుకొచ్చాడు. కఫీల్ అంటే తెలుసుగా, మన వీసా ఎవరి పేరు మీద ఉంటుందో ఆయన. కాపరికి ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమ మోకాలు వాచి గుమ్మడికాయలా ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. సూది వేస్తుంటే "అవ్వా" అన్నాడు. నేను సిరంజి పట్టుకునే ఆగిపోయాను.

"తెలుగోడివా నువ్వు?" అన్నాను.

"అవునక్కా. మాది జగిత్యాల పక్కపొంటి పల్లె" అన్నాడు. అంత జ్వరంలోనూ అతని మొహం వెలిగింది. వీసా మీద ఏదో కంపెనీలో హెల్పర్ అని ఉందట, తీరా వచ్చాక చేతికి మేకల కర్ర ఇచ్చారట. దానికతను పెద్దగా బాధపడలేదు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ మేకలే.

మా సర్జన్ సూడాన్ ఆయన. పొడవాటి మనిషి, మెల్లగా మాట్లాడేవాడు, ఒకే ప్రశ్నని మూడు రకాలుగా అడిగేవాడు. మొదటి రోజే మోకాలంతా వేళ్ళతో తడిమి, చర్మం మీద ఒక చిన్న నల్లమచ్చ చూసి, "ఇక్కడ ముల్లేమైనా గుచ్చుకుందా?" అని అరబ్బీలో అడిగాడు. కాపరి లేదన్నాడు. అతని అరబ్బీ మేకల వరకే పనికొస్తుందేమోనని డాక్టరు నా వైపు తిరిగి, "నీ భాషలో అడుగు సిస్టర్" అన్నాడు. అడిగాను.

"లేదక్కా. బండ మీద వడ్డ" అన్నాడు. అనేముందు పక్కనే కూర్చున్న కఫీల్ వైపు ఒక్కసారి చూశాడు.

రాయి మీద పడ్డాడట అని నేను చెప్పాను, డాక్టరు రాసుకున్నాడు. ఎక్స్‌రే తీశారు. ఎముక శుభ్రంగా ఉంది. మేకలతో మసిలేవాళ్ళకి పాల వల్ల ఒక జ్వరం వస్తుంది, కీళ్ళలో చేరుతుంది. ఆ పరీక్షలు చేశారు, అదీ లేదు. మోకాల్లోంచి నీరు తీస్తే రెండు రోజులకి మళ్ళీ నిండింది. స్కానింగ్ మిషను ప్రసూతి విభాగంలో ఉండేది, మగరోగిని ఆ గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు. ఇండియా నుంచి వచ్చిన కూలీ, తగ్గని జ్వరం, వాచిన కీలు. ఇవన్నీ కలిపి చూస్తే టీబీ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ మందులు మొదలుపెట్టారు. నేనే డాక్టర్నైనా అదే చేసేదాన్ని.

నాకు మాత్రం వేరే అనుమానం ఉండేది. ఆ కఫీల్ రోజూ వచ్చేవాడు. నలభై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ జపమాల. ఫ్లాస్కులో టీ తెచ్చి, గ్లాసులో పోసి కాపరికి అందించేవాడు. కూలివాడి మంచం పక్కన పొద్దస్తమానం కూర్చునే కఫీల్‌ని అప్పటిదాకా నేను చూడలేదు. ఇంత ప్రేమ ఊరికే ఉంటుందా, వీడే కొట్టి ఉంటాడు, బయటపడకుండా కాపలా కాస్తున్నాడు అనుకున్నాను. ఇలాంటి తీర్పులు చెప్పడంలో నా అంత వేగం హైకోర్టుకి కూడా లేదు.

ఒకరోజు ఆయన నమాజుకి లేచి వెళ్ళగానే, థర్మామీటరు పెడుతున్నట్టు వంగి అడిగాను. "నిజం చెప్పు తమ్ముడూ. ఆయన కొట్టేడా?"

"అయ్యో, గట్లనకు అక్కా. పాపం దలుగుతది. గాయన నన్ను ఒక్క మాట అన్లే ఇంతవరకు. ఒక్క తల్లెల్నే తింటం ఇద్దరం" అన్నాడు. ఆ చెప్పడంలో ఎంత నొచ్చుకున్నాడంటే నాకు సిగ్గేసింది.

మందులు పడుతున్నా జ్వరం దిగలేదు. డాక్టరు మొహంలో చికాకు కనిపించసాగింది. ఆ శుక్రవారం ఒక ముసలాయన రోగిని చూడ్డానికి వచ్చాడు. రోగుల్ని పలకరించడం అక్కడ పుణ్యకార్యం, ముక్కూమొహం తెలియనివాళ్ళ మంచాల దగ్గర కూడా ఆగి దీవించి పోతారు. ఈయన అలా ఆగిపోయే రకం కాదు. తిన్నగా మా కాపరి దగ్గరికే వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ఎండకి మాడిన చేతులు. ఆయన్ని చూడగానే కఫీల్ లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. ఇద్దరూ కుశలాలు అడుక్కున్నారు. వాళ్ళ కుశలాలు మన పెళ్ళిపిలుపుల కంటే పొడుగు, అయినా ఆ రోజు తొందరగా అయిపోయాయి.

ముసలాయన మోకాలి వైపు చాలాసేపు చూశాడు. "ఏమైంది?" అన్నాడు.

"రాయి మీద పడ్డాడు" అన్నాడు కఫీల్.

"రాయి" అన్నాడు ముసలాయన. సంచీలోంచి ఒక చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నల్లగా, చిక్కగా తేనె. తల్హ్ పూలమీద వాలిన తేనెటీగలదని, బలమని నాకు చెప్పి వెళ్ళిపోయాడు. కఫీల్ ఆయన్ని సాగనంపడానికి వెంట వెళ్ళాడు.

కాపరి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చెంచాతో తేనె ఇవ్వబోతే దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. దుప్పటి వణుకుతోంది. అది జ్వరం వణుకు కాదని తెలుసుకోడానికి నర్సే కానక్కర్లేదు. మా హెడ్ నర్సు మీటింగుకి వెళ్ళి ఉంది. మంచం చుట్టూ తెర లాగి కుర్చీలో కూర్చున్నాను.

"ఆ ముసలాయనంటే నీకెందుకంత భయం?"

దుప్పటిలోంచే చెప్పాడు.

వానల్లేని ఏడాది అది. బార్లీ లారీ రావడం ఆలస్యమైంది. మేకలు ఈనిన రోజులు, తల్లుల పొదుగుల్లో పాలు లేవు, పిల్లలు నిలబడలేక పడిపోతున్నాయి. కఫీల్ మేత కోసం పట్నం వెళ్ళాడు. వాళ్ళ షెడ్డు చుట్టూ చెట్టన్నదే లేదు. కొండ అవతలి వాగులో మాత్రం ఒక పెద్ద తల్హ్ ఉంది. గొడ్డలి తీసుకుని మేకల్ని అటు తోలాడు.

"మా కాడ తుమ్మకొమ్మ కొట్టుడు తప్పు గాదక్కా. ఎండకాలమొస్తే మా నాయిన దినాం కొట్టేటోడు. నాలుగు వానలు వడంగనే మల్ల సిగురు వెడ్తది. ఈడ వానలే లేవని నాకు యాదికి రాలే. సగం చెట్టు కొట్టిన. మ్యాకలు కడుపునిండ తిన్నయి. దిగేటప్పుడు కొట్టిన కొమ్మ మీదనే మోకాలు వెట్టిన. ముల్లు దిగింది. పైకి అందినంత వీకిన. లోపట ఇరిగిందో లేదో నాకెర్కలే."

ఆ చెట్టు ఆ ముసలాయన వంశానిది. వాళ్ళ ముత్తాత దాని కింద గుడారం వేసుకున్నాడట. దాని కాయలు వాళ్ళ మేకలకి, పూలు వాళ్ళ తేనెటీగలకి, మధ్యాహ్నపు నీడ దారినపోయే ఎవరికైనా. పచ్చికొమ్మ మీద కత్తి పెట్టడం అక్కడ ఒకరి ఇంటి తలుపు పగలగొట్టినంత తప్పు. ముసలాయన సగం చెట్టు చూసి, కఫీల్ మజ్లిస్‌కి వచ్చాడు. మజ్లిస్ అంటే నలుగురూ కూర్చునే వాళ్ళ పెద్దగది. ఆ రోజు చుట్టుపక్కల పెద్దమనుషులంతా అక్కడే ఉన్నారు.

"మనిషికో మాట అంటున్నరు. నన్ను విలిచి అడిగిండు కఫీల్. నేను కొట్టలే అన్న. భయంల నోట్లకెంచి గట్లనే వచ్చింది. గంతే, గాయన లేచి అందరి ముందట అల్లా మీద ప్రమాణం జేసిండు. నా మనిషి అబద్ధమాడడు అన్నడు. అప్పుడు ఈ పెద్దాయన ఏమన్నడు తెల్సా అక్కా? నా చెట్టు కొట్టినోన్ని ఉత్తగ వోనియ్యది, వాని ఒంటి మీద దాని గుర్తు ఉంటది, జూస్కో అన్నడు. కఫీల్ జూడలే. నన్ను నమ్మి జూడలే."

నాకు అప్పుడు అర్థమైంది. ఆ చుట్టుపక్కల ఇంకో ముళ్ళచెట్టు లేదు. ముల్లు అన్న మాట బయటికొస్తే చెట్టు కొట్టిందెవరో తేలిపోతుంది. తేలితే అందరి ముందు దేవుడి పేరున అబద్ధపు ప్రమాణం చేసినవాడు కఫీల్ అవుతాడు. ఒట్టు పోయిన మనిషికి ఆ మజ్లిస్‌లో ఇక విలువుండదు, ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడు కూడా ఆలోచిస్తాడు.

ఇదంతా అర్థమైనా నాకు ముందు వచ్చింది కోపమే. "నా నోటితో డాక్టరుకి అబద్ధం చెప్పించేవు. ఇన్నాళ్ళూ నీకు లేని రోగానికి మందులు మింగేవు. ఆ కాలు కుళ్ళిపోతోంది, తెలుస్తోందా నీకు?"

"పోతే పోనీ అక్కా కాలు. గాయన మాట వోవద్దు."

"కాలొక్కటే పోతుందనుకుంటున్నావా? చీము రక్తంలోకెక్కితే ప్రాణం పోతుంది. అప్పుడు నిన్ను పెట్టెలో పెట్టి పంపేది ఆ కఫీలే. అది నచ్చుతుందా ఆయనకి?"

అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది, కానీ మెత్తగా చెప్పే ఓపిక నాలో లేదు. అతను దుప్పటి తీసి నన్ను చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డాక్టరుకి చెప్పు, కఫీల్‌కి మాత్రం చెప్పొద్దు అన్నాడు. నా నోటితో చెప్పనని మాటిచ్చాను. అంతకంటే పెద్ద మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

డాక్టరు తన గదిలో ఉన్నాడు. ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, "మొదటి రోజే అడిగాను. చెట్టు ముల్లు ఎక్స్‌రేలో పడదు సిస్టర్" అన్నాడు. నన్ను తప్పుపట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ తన ఊరి సంగతి ఎత్తాడు. వాళ్ళవైపు అడవుల్లో ఈ జాతి చెట్లేనట. గాటు పెడితే బంక కారుతుంది, దాంతోనే వాళ్ళ ఇల్లు గడిచింది, ఆయన చదువూ గడిచింది. కట్టె, మేత, గుంజలు, తోలు నానబెట్టే బెరడు, అన్నీ దాంట్లోంచే. "పచ్చికొమ్మ నరికినవాణ్ణి మా నాన్న అన్నానికి పిలిచేవాడు కాదు సిస్టర్. నేను ఆ ముసలాయన పక్షమే. కానీ మోకాలు తెరవాలి. రేపు పొద్దున్నే తెరుస్తాను. ముల్లు చుట్టూ ఎముక చెడిపోయి ఉంటే కాలు రియాద్‌వాళ్ళ చేతుల్లోకి పోతుంది" అన్నాడు.

ఇక్కడ మా డాక్టరు అలవాటొకటి చెప్పాలి. ఒంట్లోంచి ఏది తీసినా చిన్న గాజుసీసాలో వేసి ఇంటివాళ్ళకి చూపించేవాడు. పిత్తాశయంలో రాళ్ళు, పిల్లలు మింగిన గుండీలు, ఏదైనా సరే. చూస్తేనే జనానికి నమ్మకం అనేవాడు. ఊరంతటికీ ఆ అలవాటు తెలుసు, ఆపరేషన్ అవగానే "ఏదీ సీసా" అని వాళ్ళే అడిగేవాళ్ళు. ఈ రోగికి ఇక్కడ ఇంటివాడంటే కఫీలే.

"ఈ ఒక్కసారికి సీసా వద్దు డాక్టర్" అన్నాను.

"అడక్కపోతే చూపించను. అడిగితే అబద్ధం చెప్పను. నేను ఈ ఊరికి రేపు కూడా డాక్టర్నే కదా" అన్నాడు.

మర్నాడు పొద్దున్న కాపరి కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా ట్రాలీ పక్కన నడిచాను. తలుపు మూసేముందు అతను నా కొంగు కోసం వెతికినట్టు చెయ్యి చాచాడు. నర్సు బట్టలకి కొంగేదీ, నా వేలు పట్టుకున్నాడు.

వెనక్కి తిరిగేసరికి వరండా బెంచీ మీద కఫీల్, ఆయన పక్కన ఆ ముసలాయన. మోకాలు కోస్తున్నారని కబురు తెలిసి తెల్లారగానే వచ్చాడట. ఇద్దరి మధ్యా టీ ఫ్లాస్కు ఉంది. కఫీల్ జపమాల పూసలు వేగంగా తిరుగుతున్నాయి. ప్రభువా, మా డాక్టరు నోటికి ఈ ఒక్కపూట తాళం వెయ్యి అని ప్రార్థించాను. నిజాయితీ గలవాడి నోరు మూయించమని దేవుణ్ణి అడగడం నా జీవితంలో అదొక్కసారే.

వార్డులో పని మీద మనసు లేదు. ఒకతని బీపీ చూసి ఇంకొకతని చార్టులో రాయబోయాను. మా హెడ్ నర్సు కాగితం నా చేతిలోంచి లాక్కుని, "వెళ్ళు, నీ రోగి తలుపు దగ్గర నిలబడు, ఇక్కడ నీతో ప్రమాదం" అంది. ఆవిడకి ఏమీ తెలీదు. తెర వెనక నేను సొంత భాష మాట్లాడానని మాత్రం ఎవరో చెప్పి ఉంటారు.

తలుపు తెరుచుకుంది. ముందు ట్రాలీ వచ్చింది. దుప్పటి కింద రెండు కాళ్ళూ ఉన్నాయో లేదో చూశాను. ఉన్నాయి. వెనకాల థియేటర్ నర్సు అలవాటు ప్రకారం సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని గుప్పిట్లో మూసేశాను. డాక్టరు మాస్కు కిందికి లాగి, "అల్‌హమ్దులిల్లా, ఎముక బాగుంది, చీమంతా కడిగేశాం, కాలు నిలుస్తుంది" అన్నాడు.

కఫీల్ డాక్టరు భుజం ముద్దుపెట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. ఇక అడగడు, సంతోషంలో మర్చిపోయాడు అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"లోపల ఏముంది డాక్టర్?" అన్నాడు కఫీల్.

డాక్టరు నా వైపు చూశాడు. వేరే దారి లేదు. గుప్పిట విప్పాను. కఫీల్ సీసా అందుకున్నాడు. లోపల గోరంత పొడవున్న ఒక ముక్క, నల్లగా, ఒక కొన సూదిగా ఉంది. ఆయన పుట్టింది ఆ నేల మీదే. అదేమిటో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చాలామందిలో చూశాను, కానీ అంత ఆరోగ్యంగా ఉన్న మనిషిలో చూడ్డం అదే మొదలు. జపమాల ఆగిపోయింది. ట్రాలీ మీద మత్తులో ఉన్న కాపరి వైపు చూశాడు, సీసా వైపు చూశాడు. పక్కనున్న మనిషి వైపు మాత్రం తల తిప్పలేకపోయాడు.

ముసలాయన లేచి చెయ్యి చాచాడు. ఇవ్వనని అనే హక్కు కఫీల్‌కి లేదు. ఇచ్చాడు.

ముసలాయన సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండకి పట్టుకున్నాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. వరండాలో ఎవరమూ కదల్లేదు. ట్రాలీ తోసే బంగ్లాదేశీ అతనికి ఏమీ తెలియకపోయినా అతనూ ఆగిపోయాడు.

"ఇది ముల్లే" అన్నాడు ముసలాయన. "మా చెట్టుది కాదు. మా తల్హ్ ముల్లు తెల్లగా ఉంటుంది. ఇది నల్లగా ఉంది."

వారాల తరబడి చీములో, రక్తంలో నానితే ఏ ముల్లయినా నల్లబడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ చెట్లమధ్యే పుట్టిన మా డాక్టరుకి ఇంకా బాగా తెలుసు. ఆయన నోరు తెరిచాడు. ముసలాయన సీసా దించి ఆయన్నే చూస్తున్నాడు. ఆ చూపులో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. డాక్టరు, "ఆ చెట్టు సంగతి నాకంటే షేక్ గారికి బాగా తెలుసు" అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. డాక్టరు నోటికి తాళం మాత్రమే అడిగి ప్రార్థన మరీ చిన్నది చేశానని నాకప్పుడు అనిపించింది.

కఫీల్ దగ్గరికి వెళ్ళి ముసలాయన తలమీద ముద్దుపెట్టుకున్నాడు. పెద్దలకి వాళ్ళు చేసే మర్యాద అది. మామూలుగా పెదాలు తగిలించి వదిలేస్తారు. ఈయన చాలాసేపు తల ఎత్తలేదు. ముసలాయన ఆయన వీపు మీద రెండుసార్లు తట్టి, "నీ మనిషికి తేనె పట్టించు" అని, సీసాని తన జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మా డాక్టరు జీవితంలో వెనక్కి రాని సీసా అదొక్కటే.

జ్వరం మర్నాటికే దిగడం మొదలైంది. టీబీ మందులు ఆపేశారు. కాపరి గోడ వైపు కాకుండా ఇటు తిరిగి పడుకోసాగాడు. తేనె అంతా అయిపోయింది. కఫీల్ ఎప్పటిలాగే రోజూ వచ్చి టీ పోసేవాడు. ఆ ముల్లెక్కడిదని అతన్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడుగుతాడేమోనని అతను రోజూ వణికేవాడు. అడిగితే బాగుండునని కూడా ఉండేది.

"గాయన ఒక్కసారి తిట్టినా బాగుండు అక్కా" అన్నాడు ఒకరోజు కట్టు మారుస్తుంటే.

"తిట్టరు. పడుండు" అన్నాను. నిజానికి నాకూ అలాగే ఉండేది.

డిశ్చార్జి రోజున ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో కర్ర. నిలువెత్తు ఉంది, నున్నగా అరిగి ఉంది, కొసన వంకీ. తెచ్చి మంచానికి ఆనించాడు. కఫీల్ పక్కనే నిలబడి ఉన్నాడు. ముసలాయన కాపరితో ఏదో చెప్పాడు, పల్లెటూరి అరబ్బీ, మేకల అరబ్బీకి అందలేదు. కాపరి నా వైపు చూశాడు. నేను మా హెడ్ నర్సు వైపు చూశాను. ఆవిడ అటు తిరిగి, మడత పెట్టి ఉన్న దుప్పట్లని మళ్ళీ మడత పెట్టుకోసాగింది.

"పెద్దాయన ఏమంటుండక్కా?"

"ఈ వంకీ కొమ్మకి తగిలించి ఊపమంటున్నాడు. ఆకూ కాయా ఎంత రాలితే అంతా నీ మేకలు తినొచ్చంట. ఆయన చెట్టు కిందికే తోలుకు రమ్మంటున్నాడు. గొడ్డలి మాత్రం ఇంట్లో పెట్టి రమ్మంటున్నాడు."

కాపరి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుపు వేళ్ళ సందుల్లోంచి వినబడుతోంది. ముసలాయన మాటలు కఫీల్ కూడా విన్నాడు. ఆయనకి ఏ అనువాదమూ అవసరం లేదు. తల వంచుకునే కర్ర తీసి తన కాపరి చేతికందించి, రెండో చంక కింద తన భుజం పెట్టి పైకి లేపాడు.

అలాగే ఇద్దరూ వార్డు దాటి నడిచారు. నేను సామాన్లు పట్టుకుని పికప్ దాకా వెళ్ళాను. అతను ఎక్కేటప్పుడు కర్ర అందుకుని నేను వెనక పడేయబోతే కఫీల్ వద్దని, ముందు సీట్లో ఇద్దరి మధ్యా నిలబెట్టాడు.